రోజుకో ఫోటో: ముఖాలు కాదు తమ్ముడూ, పనులు తీయి

నువ్వు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే దిద్దు. ఉగాదికి రోజుకో ఫోటో మొదలుపెట్టావు. ఇరవై మూడో రోజుకి ఆగిపోయింది. ఆ ఇరవై మూడింటిలో ఎనిమిది పాప నిద్రపోతున్నవే. మియాపూర్‌లో రెండు గదుల ఫ్లాట్, మూడేళ్ళ పాప, ఊరి నుంచి వచ్చి మీతోనే ఉంటున్న అమ్మానాన్న. "రోజూ అదే సోఫా, అదే టీవీ, ఏం తీయాలి? యాభై వేలు పెట్టి మంచి కెమెరా కొంటే కుదురుతుందా?" అన్నది ప్రశ్న. చివర్లో రెండు ఫిర్యాదులు కూడా పెట్టావు. ఫోన్ ఎత్తగానే అమ్మ చెయ్యి అడ్డం పెడుతుంది. మీ ఆవిడేమో "పాపని పట్టుకోమంటే ఫోటోలు తీస్తావా" అంటోంది.

నిజం చెప్పాలంటే నాకు ఆ చివరి రెండే అసలు ప్రశ్నల్లా కనిపించాయి. వాటి దగ్గరికి వస్తాను.

నేను ఫోటోగ్రాఫర్ని కాదు. ఖమ్మంలో ఉంటాను, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. 2015 జూన్ 12న, బడులు తెరిచిన రోజు, మా చిన్నోడు ఒకటో తరగతికి బయల్దేరుతుంటే వాడి కొత్త బూట్లు ఫోటో తీశాను. ఎడమది కుడికాలికి తొడుక్కున్నాడు, అందుకని తీశాను. మర్నాడు ఎందుకో ఇంకోటి తీశాను. అలా పదేళ్ళు దాటింది. తీయని రోజులున్నాయి, తీసి పోగొట్టుకున్న నెలలున్నాయి. నాకన్నా బాగా చిన్నవాడివని నీ రాత చూస్తే తెలుస్తోంది, అందుకే నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు.

కెమెరా కొనకు. కనీసం మొదటి ఏడాది కొనకు. మా ఇంట్లో ఒక డీఎస్ఎల్ఆర్ ఉంది, 2017లో మా వారు ముచ్చటపడి కొన్నారు. అది బీరువాలో పట్టుచీరల పక్కన ఉంటుంది. దాన్ని తీసి, మూత ఊడదీసి, ఆన్ చేసేలోపు మా చిన్నోడు పప్పన్నం తినేసి చెయ్యి కడుక్కునేవాడు. దానికి తోడు ఎవరో చెప్పారని 50 ఎంఎం లెన్స్ కూడా కొన్నాను. మామూలు ధరలో దొరికే ఆ తరహా కెమెరాల మీద అది మన పది బై పన్నెండు గదులకి పనికిరాదు. వెనక్కి జరిగి జరిగి వీపు గోడకి తగులుతుంది, ఫ్రేములో మాత్రం మనిషి సగమే పడతాడు. ఎప్పటికైనా కొనాలనిపిస్తే 35 గానీ 24 గానీ చూడు, ఆ అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ చోటు పడుతుంది. ఇప్పటికి జేబులో ఉన్న ఫోన్ చాలు. దాని లెన్స్ మాత్రం తుడుస్తూ ఉండు. ఫోటోలు మసగ్గా, బల్బు చుట్టూ వెలుగు చారలతో వస్తున్నాయంటే ఫోన్ పాతదైపోయిందని అనుకుంటాం. చాలాసార్లు అది మన వేలి జిడ్డే. వంటింట్లో వాడే ఫోన్ అయితే పోపు నూనె కూడా.

ఇక "రోజూ అదే" సంగతి.

న్యూయార్క్‌లో జేమీ లివింగ్‌స్టన్ అని ఒకాయన ఉండేవారు. కాలేజీలో చదువుతుండగా 1979 మార్చి 31న పోలరాయిడ్ కెమెరాతో రోజుకో ఫోటో మొదలుపెట్టారు. 1997 అక్టోబర్ 25న, తన 41వ పుట్టినరోజునే, జబ్బుతో చనిపోయారు. అప్పటిదాకా తీస్తూనే ఉన్నారు. పద్దెనిమిదేళ్ళకు పైగా, ఆరువేలకు పైగా ఫోటోలు. పోలరాయిడ్ అంటే నొక్కగానే కాగితం బయటికొచ్చేస్తుంది, నచ్చలేదని చెరపడానికి లేదు. ఆయన పోయాక స్నేహితులు వాటన్నిటినీ నెట్‌లో పెట్టారు. నేను ఒక రాత్రి చూడటం మొదలుపెట్టి, జవాబు పత్రాలు దిద్దాల్సినవి పక్కనపెట్టి, రెండింటిదాకా చూశాను. ఎవరివో ముఖాలు, భోజనాల బల్లలు, ఖాళీ గదులు. ఏ ఒక్కటీ విడిగా చూస్తే పెద్దగా ఏమీ అనిపించదు. చివరి ఏడాదికి వచ్చేసరికి ఆస్పత్రి కనిపిస్తుంది, పోవడానికి కొద్ది వారాల ముందు జరిగిన పెళ్ళి కనిపిస్తుంది. ముందరి ఆరువేల మామూలు రోజులూ చూశాం కాబట్టే అవి అంత బరువుగా ఉంటాయి.

నీకు అదే సోఫా అనిపిస్తోందంటే ఇంకా ఇరవై మూడు రోజులే అయింది కాబట్టి. సోఫా మారడానికి టైం ఇవ్వాలి.

మా గుమ్మం పక్కన చెప్పుల స్టాండు ఉంది. దాన్ని ఇప్పటికి నలభైసార్లకు పైగా తీసి ఉంటాను. ఏం తీయాలో తోచని రోజు దాని దగ్గరికి వెళ్తాను, అంతే. మొదట్లో చిన్నోడి వెల్క్రో బూట్లు, మా మామగారి తోలు చెప్పులు. 2020 ఏప్రిల్లో తీసిన వాటిలో అన్ని జతలూ ఉన్నాయి, వాటి మీద దుమ్మూ ఉంది, ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. తర్వాత ఒకచోట తోలు చెప్పులు లేవు. తర్వాత చిన్నోడి బూట్లు మా వారి బూట్లంత అయ్యాయి. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి మా ఆడపడుచు వాళ్ళింట్లోకి నీళ్ళొస్తే అందరూ మా ఇంటికి వచ్చేశారు. ఆ రోజు టీవీల్లో, ఫోన్లలో అన్నీ నీళ్ళ ఫోటోలే. నా ఫోటోలో స్టాండు మీద పట్టక నేల మీదికి పరిచిన పదకొండు తడి జతలున్నాయి. పన్నెండోది ఒంటి చెప్పు, దాని జత మున్నేరులో పోయింది. మా ఆడపడుచు ఇప్పుడు ఇంటికొచ్చినా ఆ ఫోటో చూపించమంటుంది.

కాబట్టి నీ ఇంట్లో కూడా అలాంటి చోటు ఒకటి చూసిపెట్టుకో. ఫ్రిజ్ తలుపు కావచ్చు, బాల్కనీలో బట్టల తీగ కావచ్చు. రోజూ అదే తీయమని కాదు, ఏమీ తోచని రోజుకి అదుంటుందన్న ధైర్యం.

ఇంక అసలు విషయం. పాప నిద్రపోతున్నప్పుడే ఎందుకు తీస్తున్నావు? కదలదు, వద్దనదు, ముద్దుగా ఉంటుంది. మనందరం మొదట్లో చేసేదే. ముఖం వెనకాల పడతాం. ముఖం మెలకువగా ఉంటే కెమెరాని చూసి మారిపోతుంది, అందుకని నిద్రలో పట్టుకుంటాం. ముఖాన్ని వదిలేయి. పని తీయి. మీ అమ్మ పొద్దున్నే పాల గిన్నెలో మీగడ పక్కకి తీస్తారా? ఏ చెంచాతో? మీ నాన్న పేపర్ని నాలుగు మడతలు పెట్టి గళ్ళనుడికట్టు నింపుతారా? పెన్ను మూత నోట్లో పెట్టుకుంటారా? మీ ఆవిడ ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు టేబుల్ కింద పాప ఏం చేస్తుంది? పాప అన్నం ముద్ద మింగకుండా బుగ్గలో దాచుకుంటుంది చూడు, అది. చేతులు తీయి, వీపులు తీయి, పని మధ్యలో వదిలేసిన వస్తువులు తీయి. పనిలో ఉన్నవాళ్ళకి ఫోజు పెట్టే తీరిక ఉండదు, నీకు ఆ చిక్కే రాదు.

ఇది నాకు నేర్పింది ఒక చేట. మా అత్తమ్మ మధ్యాహ్నం నాలుగింటికి వరండాలో కూర్చుని బియ్యం ఏరేవారు. అప్పటికే ప్యాకెట్ బియ్యం వాడుతున్నాం, అందులో రాళ్ళుండవు. అయినా ఏరేవారు. 2016లో ఒకరోజు స్కూలు నుంచి వచ్చి వేరే ఏమీ దొరక్క ఆ చేట తీశాను. తల ఫ్రేములో లేదు. చేతులు, చేట, పక్కన స్టీలు మూతలో ఏరిన రెండు మట్టిబెడ్డలు. ఫోటో కొంచెం కదిలింది కూడా, ఆ రాత్రే తీసేద్దామనుకుని బద్ధకించాను. 2021లో ఆవిడ పోయారు. కొన్ని నెలల తర్వాత మా ఆడపడుచూ నేనూ కూర్చుని పాతవి చూస్తుంటే ఆ ఫోటో వచ్చింది. ఉంగరపు వేలికి ఉన్న ఉంగరం వదులైపోతే లోపలివైపు పసుపు దారం చుట్టుకున్నారు. ఆ దారం సంగతి మా ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. రోజూ చూసిన చెయ్యి! ఆవిడ నవ్వుతూ కెమెరాలోకి చూస్తున్న ఫోటోలు ఇంట్లో ఇరవై ఉన్నాయి, గోడకున్నది కూడా అలాంటిదే. అవన్నీ ఫోటో కోసం కూర్చున్న మనిషివి. చేట దగ్గర ఉన్నది అత్తమ్మ.

వెలుతురు గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఫిజిక్స్ టీచర్ని ఊరుకోలేను. పగలు కిటికీ ఉన్న గదిలో తీస్తుంటే ట్యూబ్‌లైట్ ఆపేయి. కిటికీ వెలుగు ఒక రంగు, లైటు వెలుగు ఒక రంగు, రెండూ కలిస్తే ఒక బుగ్గ నీలంగా ఒక బుగ్గ పచ్చగా వస్తుంది. ఫ్లాష్ జోలికి వెళ్ళకు. మనిషిని కిటికీకి ఎదురుగా నిలబెట్టనక్కర్లేదు, వెలుగు పక్క నుంచి పడితే చర్మం మీది ముడత కూడా అందంగా కనిపిస్తుంది. పాపని తీసేటప్పుడు నేల మీద కూర్చో. మన ఎత్తు నుంచి వంగి తీస్తే పిల్లలందరూ పెద్ద తలకాయ, బుల్లి కాళ్ళు అయిపోతారు.

రాత్రి ఇంట్లో తీస్తే కొన్నిసార్లు ఫోటో మీద అడ్డంగా నల్లటి చారలు పడతాయి, గమనించావా? మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపుకి లైటు రెండుసార్లు మిణుకుతుంది. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు, చవకరకం ఎల్ఈడీ బల్బు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ స్పీడు, అంటే కెమెరా వెలుగుని లోపలికి రానిచ్చే సమయం, సెకనులో 250వ వంతో 500వ వంతో అయితే ఒక్క మిణుకు కూడా పూర్తిగా పట్టదు, అందుకే చారలు. ఫోన్ కెమెరాలో ఇవి మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉంటే 1/100 గానీ 1/50 గానీ పెట్టు, పోతాయి. అమెరికాలో ఉన్న మా అక్క కూతురు అలాగే పెట్టినా పోవట్లేదని ఫోన్ చేసింది. అక్కడ 60 హెర్ట్జ్, 1/120 గానీ 1/60 గానీ పెట్టాలి. అయితే పరిగెత్తే పాపకి 1/100 చాలదు, అలుక్కుపోయినట్టు వస్తుంది. పరుగులు పగలు కిటికీ దగ్గరే తీసుకో.

ఇంకొకటి, ఆవిరి. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లేచే ఆవిరి ఫోటోలో పడట్లేదని చాలామంది అడుగుతారు. వెలుగు నీ వెనక నుంచి వస్తే ఆవిరి కనబడదు. ఆవిరికి అవతలి వైపు నుంచో, పక్క నుంచో రావాలి, ఆవిరి వెనకాల ముదురు రంగుదేదైనా ఉండాలి. మా వంటింట్లో కిటికీ పక్కన నల్ల గ్రానైట్ అల్మరా ఉంది, దానిమీదికి వచ్చేలా పాత్ర జరిపితే కుదిరింది. అది కనుక్కోడానికి వరసగా నాలుగు ఆదివారాలు ఇడ్లీలే అయ్యాయి. ఐదో ఆదివారం మా వారు పొద్దున్నే వెళ్ళి పూరీ కట్టించుకొచ్చారు.

సరే, మీ అమ్మగారు.

చెయ్యి అడ్డం పెట్టడానికి కారణం ఏదో ఒకటి ఉంటుంది, అది కనుక్కో. మా అత్తమ్మకి మూడు ఉండేవి. ఒకటి, "నైటీలో ఉన్నా, ఉండు చీర మార్చుకొస్తా." రెండు, "ఇది ఎవరెవరికి పంపిస్తావు?" మూడోది ఆవిడ పైకి చెప్పలేదు, ఆడపడుచు చెప్పింది. ఊరికే ఫోటోలు తీస్తే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ అనేదట. ఆ మూడోదానికి నేను సైన్సు క్లాసు పీకలేదు. మొదటి రెండిటికి మాత్రం మాటిచ్చాను. తీసిన వెంటనే ఆవిడ చేతికే ఫోన్ ఇస్తాను, నచ్చకపోతే ఆవిడే తీసేస్తుంది. ఆవిడని అడక్కుండా ఏ గ్రూపులోకీ, ఏ స్టేటస్‌లోకీ వెళ్ళదు. మొదటి నెల దాదాపు అన్నీ తీసేసింది. తర్వాత తీసేయడం మానేసింది. ఇది కొత్త పట్టింపేమీ కాదు. నిజాం కాలపు ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో పెట్టి, లోపల ఫోటోలు తీయడానికి ఒక ఇంగ్లీషు ఆవిడని నియమించారు. తీసేదెవరు, చూసేదెవరు అన్నది తేలాకే అప్పుడూ కెమెరా ముందు కూర్చున్నారు.

ఇంకో కిటుకు కూడా ఉంది. ఫోన్ ఆవిడకే ఇచ్చి ఒకరోజు ఫోటో ఆవిడనే తీయమను. మా అత్తమ్మ తీసిన మొదటి దాంట్లో సగం ఆవిడ బొటనవేలు. రెండోది నేను గరిట పట్టుకుని, కొంగు బొడ్లో దోపి, పిల్లల మీద నోరు తెరిచి అరుస్తున్నది. ఆ ఏడాది మొత్తానికి నేను నాలా ఉన్న ఫోటో అదొక్కటే.

దాన్నుంచి మీ ఆవిడ మాటకి వస్తాను. ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. పనిలో ఉన్న మనిషిని ఫోటో తీస్తున్నావంటే ఆ నిమిషంలో నువ్వు పనిలో లేవని అర్థం. నేను ఇంటి పనీ చేసి ఫోటో కూడా తీసేదాన్ని కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు. నీ ఇరవై మూడు ఫోటోలూ ముందేసుకుని లెక్కపెట్టు, ఎన్నిట్లో మీ ఆవిడ పని చేస్తూ ఉంది, ఎన్నిట్లో నువ్వు చేస్తూ ఉన్నావు? నువ్వు ఒక్కదాంట్లోనూ ఉండవు, ఎందుకంటే తీసేది నువ్వే. పాప పెద్దయ్యాక ఈ ఆల్బం చూస్తే నాన్న ఇంట్లో ఉండేవాడు కాదేమో అనుకుంటుంది. కాబట్టి మా ఇంట్లో పెట్టుకున్న లెక్క చెబుతాను. మూడు క్లిక్కులు, అంతకు మించి లేదు. వస్తే వచ్చింది, లేకపోతే లేదు, ఫోన్ కింద పెట్టేయాలి. పాప ఏడుస్తుంటే ముందు ఎత్తుకోవాలి, ఆ ఫోటో అక్కర్లేదు. వారంలో రెండు రోజులు ఫోన్ మీ ఆవిడ చేతిలో ఉండాలి, ఆ రెండు రోజులూ పాపకి నీళ్ళు పోసేది, తల దువ్వేది నువ్వు. జడ వంకరగా వస్తుంది. ఆ వంకర జడే ఆ రోజు ఫోటో.

రాత్రి పడుకునే ముందు ఆ రోజుది ఒక్కటి ఎంచి కింద రెండు వాక్యాలు రాయి. ఇది మానకు, ఫోటో అయినా మాను గానీ. ఫోటోలో కనబడేది మళ్ళీ రాయనక్కర్లేదు, కనబడనిది రాయి. 2023 జూలైలో నేను తీసిన ఒక ఫోటోలో స్టీలు గిన్నెలో నాలుగు టమాటాలుంటాయి. చూస్తే ఏముంది? కింద రాసింది ఇది: "కిలో నూట అరవై. పప్పులో రెండు, మిగతావి దాచా. చిన్నోడు చారు అడిగాడు, చింతపండుతో చేశా." 2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజుది ఒక సొట్ట పళ్ళెం. సాయంత్రం ఐదింటికి గరిటతో మోగించి మోగించి చిన్నోడు దాని అంచు వంచేశాడు. ఆ పళ్ళెం ఇప్పటికీ వాడుతున్నాం. రాసుకోకపోతే ఆ సొట్ట ఎందుకు పడిందో ఈపాటికి మరిచిపోయేవాళ్ళం. నేను రాసిన వాటిలో సగం ఇంటి లెక్కలే. గ్యాస్ బండ మార్చింది ఎప్పుడు, ఫ్రిజ్ రిపేరుకి మనిషి వచ్చింది ఎప్పుడు. మావారికీ నాకూ తేదీల మీద గొడవ వస్తే ఇప్పుడు అరుచుకోం, ఫోటో తీసి చూపించుకుంటాం. ఎక్కువసార్లు నేనే గెలుస్తాను, ఓడిపోయినవి కూడా ఉన్నాయి.

తప్పిపోయిన రోజుల గురించి టెన్షన్ పడకు. ఖాళీ రోజుని ఖాళీగా ఉంచు, మర్నాడు తీసింది నిన్నటి తేదీ వేసి పెట్టకు. ఒకసారి అలా పెట్టావంటే మిగతా తేదీల మీద కూడా నీకే నమ్మకం పోతుంది. అత్తమ్మ పోయిన రోజు నేను తీయలేదు, ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులూ తీయలేదు. తీసేవాళ్ళు తప్పని అనను, నా చెయ్యి రాలేదు. మూడో రోజు టెంట్‌హౌస్ వాళ్ళు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడవారన పెట్టి వెళ్ళారు, ఆటో రావడం లేటయింది. వాటిని తీశాను. దాని కింద ఏమీ రాయలేదు.

దాచుకోవడం దగ్గర నేను తిన్న దెబ్బ చెబుతాను, నువ్వు తినకు. 2018లో ఫోన్ స్క్రీన్ పగిలితే ఒక షాపులో ఇచ్చాను. తిరిగి తీసుకునేటప్పటికి లోపల ఏమీ లేదు. "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం ఉంటే ఫార్మాట్ కొట్టాం మేడం" అన్నారు, నేను పగిలిన అద్దం మార్చమని ఇచ్చిన ఫోన్‌కి. జూలై నుంచి అక్టోబర్ దాకా నాలుగు నెలలు పోయాయి. ఇంటి వాట్సాప్ గ్రూపులో వెతికితే ఓ ముప్పై దొరికాయి. అవి కూడా చిన్నవైపోయాయి, ఏ రోజు తీసినవో కూడా లేదు. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే అది సైజు తగ్గించేస్తుంది, లోపల ఉండే తేదీ వివరాలు కూడా పోతాయి. ఎవరికైనా అసలుది అసలులా పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపు.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఎంచిన ఫోటోకి పేరు తేదీతో పెడతాను, ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు: 2025-04-22 ఇలా. మనం మాట్లాడే పద్ధతిలో రోజు ముందు పెడితే కంప్యూటర్ అన్ని నెలల ఒకటో తారీఖులనీ ఒకచోట కుప్ప పోస్తుంది. ఫోన్‌లో ఒకటి, హార్డ్‌డిస్క్‌లో ఒకటి, నెట్‌లో ఒకటి, మొత్తం మూడుచోట్ల ఉంటాయి. హార్డ్‌డిస్క్ మా అమ్మవాళ్ళింట్లో పెట్టాను, మున్నేరు చూశాక. నెట్ అంటే ఖర్చని భయపడకు. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే ఇవి కూడా లెక్కేస్తోంది, నిజమే. కానీ ఫోటో నాలుగు ఎంబీ అనుకున్నా ఏడాదికి 365 అంటే ఒకటిన్నర జీబీ కూడా రాదు. జాగా తినేది ఎంచినవి కాదు, ఎంచకుండా వదిలేసిన వేలకు వేలు. వాటిని నేను ఏడాది చూసి తీసేస్తాను. తీసేముందు ఒకసారి తిరగేస్తాను, ఆ చేట భయం ఇంకా పోలేదు.

పాప గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. మా అమ్మాయికి పదమూడేళ్ళప్పుడు ఒకరోజు వచ్చి, "అమ్మా, నా ఫోటోలు ఇంక ఎవరికీ పంపకు, తీసేముందు నన్నడుగు" అంది. నాకు కోపం వచ్చింది, ఎనిమిదో తరగతి పిల్ల నాకు చెప్పేదేంటని. రెండు రోజులకి దిగింది. నానమ్మకి ఇచ్చిన మాట దానికి ఎందుకు ఇవ్వలేదు నేను? తర్వాత మూడేళ్ళు నా ఫోటోల్లో అమ్మాయి అంటే మూసిన తలుపు, తలుపు కింద నుంచి లైటు వెలుగు, సింకులో రాత్రి పన్నెండుకి తిన్న మ్యాగీ గిన్నె. ఇప్పుడు చూస్తే టెన్త్, ఇంటర్ చదువుతున్న పిల్ల ఉన్న ఇల్లు ఇంతకన్నా ఎలా ఉంటుంది అనిపిస్తుంది. నీ పాపకి మూడేళ్ళే, కానీ ముఖం తిప్పుకుంటే అది కూడా వద్దనడమే. నీళ్ళు పోసేటప్పటివి ఎక్కడా పెట్టకు, ఇంటి గ్రూపులో కూడా. బడి పేరున్న యూనిఫాం, మెడలో ఐడీ కార్డు కనబడేవి బయట పెట్టకు.

చివరిగా ప్రింట్లు. నెలకోసారి ముప్పై ప్రింట్లు వేయించు, లేకపోతే ఇదంతా ఎవరూ చూడరు. నువ్వే చూడవు. స్టూడియోలో 4 బై 6 అంటారు, దాని కొలత 3:2. ఫోన్ ఫోటో 4:3. ఏమీ చెప్పకుండా ఇస్తే పైనో కిందో కోసేస్తారు, తలలు పోతాయి. "కట్ చేయకండి, అంచులు తెల్లగా వదిలేయండి" అని చెప్పు. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర లాగి అంటించే పాత రకం ఆల్బం కొనకు. మా పెళ్ళి ఫోటోలు అందులోనే పెట్టాం, ఇప్పుడు ఊడదీయబోతే ముఖం అట్టకి అంటుకుని వస్తోంది. జేబుల్లో దూర్చేది కొను. వెనక తేదీ పెన్సిల్‌తో రాయి, బాల్ పెన్ను నొక్కితే అచ్చు ముందువైపుకి తేలుతుంది, జెల్ పెన్ను ఆరక పక్క ఫోటోకి అంటుకుంటుంది. ఆల్బం బీరువాలో పెట్టకు, టీవీ కింద పెట్టు. మీ నాన్న గళ్ళనుడికట్టు అయిపోయాక తిరగేస్తారు, ఫలానా రోజు ఏమైందో నీకన్నా బాగా చెబుతారు. అది కూడా రాసుకో.

ఇరవై నాలుగో ఫోటోకి మళ్ళీ ఉగాది దాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ సింకులో గిన్నెలుంటాయి కదా. అన్నం గిన్నె అడుగున అంటుకున్న మెతుకులు, పాప చిన్న కంచం, మీ నాన్న మజ్జిగ గ్లాసు. మూడు క్లిక్కులు తీసుకో. తర్వాత ఫోన్ గట్టు మీద పెట్టి, చేతులు పైకి మడిచి, గిన్నెలు నువ్వే కడుగు.